తాళాలాయన కొన్న పాత కంప్యూటర్

యాభై రెండేళ్ల జీవితంలో తాళాలాయన కొత్తగా కొన్న వస్తువులను వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. అవి కూడా చెప్పులు, దువ్వెనలు, పళ్లు తోముకునే బ్రష్షులు. అంటే పాతవి కొనడానికి మనసొప్పనివి. మిగతావన్నీ ఎవరో ఒకరు వాడి వదిలేసినవే. సైకిలు పాతది, గోడగడియారం పాతది, భార్య బట్టలు కుట్టే మిషను పాతది, పడుకునే ఇనప మంచం ఏదో ఆసుపత్రి వేలంలో పాడుకున్నది. కొత్త వస్తువుకి ఏ రోగం ఉందో దాన్ని తయారుచేసినవాడికి కూడా తెలియదనీ, పాతదానికైతే రావలసిన రోగాలన్నీ వచ్చి పోయి ఉంటాయనీ ఆయన సిద్ధాంతం. వచ్చిన మాట నిజమే కానీ పోలేదనీ, అన్నీ తన ఇంట్లోనే కాపురం ఉన్నాయనీ భార్య అభిప్రాయం.

ఆయన అసలు పేరు ఇంటి అద్దె కాగితం మీద తప్ప ఎక్కడా కనిపించదు. అందరికీ తాళాలాయనే. బ్యాంకు గోడకి ఆనించి ఒక బడ్డీ, దానికి ముందుకు పొడుచుకొచ్చిన రేకు, రేకు కింద గుత్తులు గుత్తులుగా వేలాడే, ఇంకా పళ్లు కొయ్యని తాళంచెవులు. తలుపు ఎంత మొండిదైనా దాని ముందు మోకాళ్ల మీద కూర్చుని, చెవి ఆనించి, లోపలి పిన్నులు ఒక్కొక్కటీ లేచే చప్పుడు విని తీసేస్తాడు. అయితే ఎంత తొందరలో ఉన్నామన్నా, ఎంత బతిమాలినా, ఇంటివాళ్లు పక్కన నిలబడి ఆయన నోట్‌బుక్కులో సంతకం పెట్టందే పనిముట్ల సంచి విప్పడు.

దానికి కారణముంది. పెళ్లి కాకముందు ఒక పెద్దమనిషి, తన ఇంటి తాళంచెవి పోయిందని ఆయన్ని పిలుచుకెళ్లాడు. తలుపు తీసి, కూలి పుచ్చుకుని, మెట్లు దిగాక తెలిసింది, ఆ ఇల్లు ఆ పెద్దమనిషిది కాదనీ, అతనితో మాటల్లేని తమ్ముడిదనీ. ఆ సాయంత్రమంతా తాళాలాయన పోలీస్ స్టేషన్ బెంచీ మీద కూర్చుని, తను దొంగ కాదనీ పనిమంతుణ్ణి మాత్రమేననీ చెప్పుకున్నాడు. ఆ రెంటికీ తేడా ఏమిటో కాగితం మీద చూపించమన్నాడు అక్కడ కేసులు రాసుకునే రైటరు. మర్నాడే నోట్‌బుక్కు కొన్నాడు. అది మాత్రం కొత్తదే.

ఆయనకి ఒక్కతే కూతురు, తొమ్మిదో తరగతి. ఆ ఏడాది బడివాళ్లు ప్రాజెక్టు రిపోర్టులన్నీ టైపు చేసి ఇవ్వాలన్నారు. మొదటి రెండూ ఆ పిల్ల ఫోనులో బొటనవేళ్లతో కొట్టింది. ఫోనులో బుద్ధిగా కూర్చున్న పట్టికలు కాగితం మీదికొచ్చేసరికి గళ్లు దాటి పారిపోయాయి. టీచరు వాటి చుట్టూ ఎర్రసిరాతో సున్నా చుట్టి, ‘కంప్యూటర్ మీద చేయుము’ అని రాసింది. సోమవారానికి మూడోది ఇవ్వాలి. ఇరవై పేజీలు, మూడు పట్టికలు, రెండు గ్రాఫులు. పక్క వీధిలో ఉన్న నెట్ సెంటరు మూతబడి చాలాకాలమైంది. కొత్త కంప్యూటర్ ధర విన్న తాళాలాయన, ఆ ధరకి తనకి కావలసింది కంప్యూటర్ కాదు, ఇల్లన్నాడు. పాతదైతే మాత్రం తన చూపు దాటి ఏ లోపమూ పోలేదని, శుక్రవారం మధ్యాహ్నం కూతుర్ని వెంటబెట్టుకుని బయల్దేరాడు.

పాత కంప్యూటర్ల కొట్టు ఒక గోదాములా ఉంది. నేల మీద దొంతర్లుగా పెట్టెలు, గోడవైపు మొహం తిప్పి నిలబెట్టిన మానిటర్లు శిక్షపడ్డ పిల్లల్లా ఉన్నాయి. తాళాలాయన ఒక్కో పెట్టెనీ వేలి కణుపుతో కొట్టి విన్నాడు. వెనక జల్లెడ దగ్గర ముక్కు పెట్టి, ఎక్కడైనా మాడిన వాసన వస్తోందేమో చూశాడు. మరమేకుల తలల మీద బొటనవేలు ఆడించి, ఒకదాని దగ్గర ఆగి, దీన్ని కనీసం ఆరుసార్లు విప్పారని తేల్చాడు. కొట్టాయన నిజంగానే నోరెళ్లబెట్టాడు. ఈ లైనులోనే ఉన్నారా అన్నా, అని అడిగితే, పక్క లైను, అన్నాడు తాళాలాయన గంభీరంగా.

ఆ గౌరవం మూడు నిమిషాలు నిలిచింది. కూతురు రఫ్ నోట్సు చివరి పేజీ తెరిచి, ర్యామ్ ఎంత, హార్డ్ డిస్క్ పాత రకమా కొత్త రకమా, ప్రాసెసర్ ఏ తరానిది అని అడిగింది. అక్కణ్ణుంచి కొట్టాయన ఆ పిల్లతోనే మాట్లాడాడు. తాళాలాయన సంచి మోయడానికి తోడొచ్చినవాడిలా పక్కన నిలబడ్డాడు. చివరికి పిల్ల ఒక నల్లపెట్టెను చూపించింది. దాని కీబోర్డు మీద కొన్ని అక్షరాలు పూర్తిగా అరిగిపోయి ఉన్నాయి. బాగా కష్టపడ్డ మనిషి చేతిలో ఉన్నట్టుందని తాళాలాయన మెచ్చుకున్నాడు. వేసి చూపించబోతుండగా కరెంటు పోయింది. పొద్దున్నే అంతా శుభ్రం చేసి చూశాననీ, వారం రోజుల గ్యారంటీ అనీ కొట్టాయన ఒట్టేసినంత పని చేశాడు. చూసింది మాత్రం దాని పక్కనున్న పెట్టెని. రెండూ ఒకే కంపెనీవి, ఒకే రంగువి.

ఇంటికి తెచ్చి, కుట్టుమిషన్ని కిటికీ దగ్గరికి జరిపి, ఆ చోట ఒక బల్ల వేసి దాని మీద పెట్టారు. మీట నొక్కగానే పెట్టె బుసకొట్టి, తెర నీలంగా వెలిగింది. మధ్యలో ‘కార్యాలయం’ అని పేరు వచ్చింది. దాని కింద పాస్‌వర్డ్ కొట్టమంటూ ఖాళీ గడి.

కంప్యూటర్ చూద్దామని వచ్చిన పక్కింటావిడ తెరనీ, తాళాలాయననీ, మళ్లీ తెరనీ చూసి, “దీనికి తాళమేసినట్టుందే అన్నయ్యా,” అని నెమ్మదిగా అంది. నవ్వలేదు పాపం. ఇంటికెళ్లాక నవ్వుకుంది. సాయంత్రానికి వీధి వీధంతా నవ్వుకుంది.

కొట్టాయనకి ఫోన్ చేస్తే, తేండి, అరగంటలో మొత్తం తుడిచేసి ఇస్తానన్నాడు. అంతదాకా ఎందుకు, స్నేహితురాలి పెన్‌డ్రైవ్ తెస్తే గంటలో తనే తుడిచేస్తానంది కూతురు. తుడిచేయడమంటే ఏమిటని అడిగాడు తాళాలాయన. లోపలున్నదంతా పోతుందని చెప్పింది.

“లోపల ఏముంది?”

“ఏమో నాన్నా. ఎవరివో ఫైళ్లు.”

“అయితే ఆ ఎవరో చెప్పాలి కదా.”

“మనం కొన్నాం. ఇది మనదే.”

“పెట్టె మనది. లోపలిది మనం కొనలేదు,” అన్నాడు తాళాలాయన.

భార్య మిషను ఆపి, ఆయన చాదస్తం తలుపుల వరకే అనుకున్నాననీ, తెరలకి కూడా పాకిందని తెలియదనీ అంది. పిల్ల క్యాలెండర్ వంక చూసి ఊరుకుంది. తాళాలాయన పట్టిన పట్టు విడిచే రకం కాదని ఇద్దరికీ తెలుసు. ఆయన కొట్టాయన్ని మళ్లీ ఫోనులో పట్టుకుని, ఆ పెట్టె ఎవరు తెచ్చిచ్చారో అడిగాడు. ఎవరో ఆవిడ ఆటోలో తెచ్చిందట. కొట్టు రిజిస్టరులో చిరునామా ఉంది.

శనివారం మధ్యాహ్నం బడ్డీ మూసి, నోట్‌బుక్కు సంచిలో వేసుకుని సైకిలు మీద వెళ్లాడు. ఆ ఇంటి వీధి తలుపుకి నాలుగు తాళాలున్నాయి. గంట కొడితే తలుపు గొలుసు మేర తెరుచుకుంది. సందులోంచి ఒక కళ్లద్దం, సగం మీసం కనిపించాయి. డెబ్బై దాటిన పెద్దాయన. ఏం కావాలని అడిగారు.

తాళాలాయనకి డొంకతిరుగుడు చేతకాదు. “అయ్యా, మీ కంప్యూటర్ పాస్‌వర్డ్ కావాలండి,” అన్నాడు.

పెద్దాయన చాలాసేపు ఆలోచించారు. “ఇదివరకు ఫోన్లో అడిగేవాళ్లు. ఇప్పుడు ఇళ్లకే పంపిస్తున్నారన్నమాట,” అన్నారు.

తను మోసగాణ్ణి కాదనీ, తాళాలు బాగుచేసుకునేవాణ్ణనీ తాళాలాయన చెప్పుకున్నాడు. నమ్మకం కలిగిద్దామని, ఈ నాలుగింటిలో మూడో తాళం ఉత్త అలంకారమనీ, తలపిన్నుతో వచ్చేస్తుందనీ కూడా చెప్పాడు. పప్పులో కాలేశానని నోరు మూసుకున్నాక తెలిసింది. తలుపు మూసుకుంది. లోపల ఫోను మీటలు నొక్కుతున్న చప్పుడు వినిపించింది.

పోలీస్ స్టేషన్ బెంచీ ఆయనకి కళ్ల ముందు మెదిలింది. అదృష్టం బాగుండి ఎదురు వాటాలో ఉండే ఆవిడ చెత్తబుట్ట పట్టుకుని బయటికొచ్చింది. కిందటేడు ఆమె మనవరాలు స్నానాలగదిలో గడియపడి ఇరుక్కుంటే తలుపు తీసింది తాళాలాయనే. ఆమె పెద్దాయన తలుపు తట్టి సంగతి చెప్పింది. పెద్దాయనకి నోటిమాట చాలలేదు. నోట్‌బుక్కును గొలుసు సందులోంచి లోపలికి తీసుకుని, ఆవిడ సంతకమున్న పేజీ వెతికి, ఆవిడ చేత ఒక చిత్తుకాగితం మీద మళ్లీ సంతకం పెట్టించి, రెండూ పోల్చి చూసుకుని, అప్పుడు గొలుసు తీశారు.

లోపల కూర్చోబెట్టి పెద్దాయన అడిగిన మొదటి ప్రశ్న, రిపేరు షాపులో ఉన్న తన కంప్యూటర్ ఇతని చేతికెలా వచ్చిందని. అదే సమయానికి టీ కప్పులతో వంటింట్లోంచి వచ్చిన కోడలు, మామగారి వెనక నిలబడి, తల అడ్డంగా ఊపింది. తర్వాత కళ్లు పెద్దవి చేసింది. ఆ తర్వాత ట్రేని కూడా అడ్డంగా ఊపింది. తాళాలాయనకి ఇనుము భాష తెలిసినట్టు సైగల భాష తెలియదు.

“రిపేరు కాదండీ, అమ్మకానికి పెట్టారు. నేను కొన్నాను. ఇదిగో బిల్లు,” అన్నాడు.

సంగతేమిటంటే, పెద్దాయన ముప్పై నాలుగేళ్లు ఒక ఆఫీసులో జనం ఇచ్చే అర్జీలు పుచ్చుకుని, వాటి మీద ముద్ర కొట్టి, దొంతరలో పడేసే ఉద్యోగం చేశారు. రిటైరైన మర్నాటినుంచీ తానే అర్జీలు రాయడం మొదలుపెట్టారు. వెలగని వీధిదీపం మీద, పగలు కూడా వెలిగే వీధిదీపం మీద, మూతలేని మురుగుకాలువ మీద, పార్కు బోర్డులో అక్షరదోషం మీద, పొంగిపొర్లే ఎదురింటి నీళ్లట్యాంకు మీద. జవాబు రాకపోతే గుర్తుచేస్తూ ఇంకొకటి. వీధిలో వాళ్లు ఆయన కొడుకుని పలకరించడం మానేశారు. కొడుకూ కోడలూ తల ప్రాణం తోకకొచ్చి, పెట్టె చెడిపోయిందని చెప్పి కొట్టుకి చేర్చారు. అప్పటినుంచీ రెండు నెలలుగా పెద్దాయన రోజూ పొద్దున రిపేరైందా అని అడగడం, పార్టు రావాలట మామయ్యగారూ అని కోడలు చెప్పడం మామూలైపోయింది.

పెద్దాయన బిల్లును వెలుతురుకి పెట్టి రెండుసార్లు చదివారు. కేకలు వేస్తారని కోడలు గోడకి ఆనుకుంది. ఆయన వేయలేదు. బిల్లు మడతపెట్టి తిరిగిస్తూ, “అంటే పార్టు రాదన్నమాట,” అన్నారు. అంతే.

ఆ మాట విన్నాక తాళాలాయనకి, తను తెరవకూడని తలుపు ఒకటి సంతకం లేకుండానే తెరిచేశానని అర్థమైంది. పెట్టె వెనక్కి ఇచ్చేస్తానన్నాడు. పెద్దాయన ఒప్పుకోలేదు. బిల్లున్న వస్తువు బిల్లున్నవాడిదేననీ, తనకి కావలసింది తన అర్జీలు మాత్రమేననీ చెప్పారు. పాస్‌వర్డ్ మాత్రం కన్నకొడుక్కే చెప్పలేదట. రేపు పది గంటలకి తానే వచ్చి కొడతానన్నారు. కోడలు గేటుదాకా వచ్చింది. “రెండు నెలలు ఈ ఇల్లు ప్రశాంతంగా ఉంది అన్నయ్యగారూ,” అని గేటు వేసుకుంది.

ఆదివారం సరిగ్గా పదింటికి పెద్దాయన ఇస్త్రీ చొక్కాతో, చంకలో ఫైలుతో దిగారు. కుర్చీలో కూర్చుని, అందరినీ గోడవైపు తిరగమన్నారు. తాళాలాయన, భార్య, కూతురు వరసగా గోడకి మొహం పెట్టి నిలబడ్డారు. వెనక మీటల చప్పుడు ఆగి ఆగి వినిపించింది. తెర ఒప్పుకోలేదు. మళ్లీ కొట్టారు. ఒప్పుకోలేదు. మూడోసారికి పెద్దాయన గొంతు సవరించుకున్నారు. మరిచిపోయారేమోనని తాళాలాయనకి అనుమానం వచ్చింది. అప్పుడు కూతురు గోడవైపే చూస్తూ, “తాతగారూ, ఎడమపక్కన పెద్దక్షరాల మీట నొక్కుకుని ఉందేమో చూడండి,” అంది. నాలుగోసారికి ‘కార్యాలయం’ తెరుచుకుంది.

లోపల నాలుగువందల పదమూడు అర్జీలున్నాయి. ఇంకేమీ లేవు, ఒక్క ఫొటో కూడా లేదు. పిల్ల వాటిని పెద్దాయన తెచ్చిన పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కిస్తుంటే పేర్లు ఒక్కొక్కటీ తెర మీద కదిలిపోతున్నాయి. ఒకచోట ఆ పిల్ల చెయ్యి ఆగింది.

“నాన్నా, ఇందులో నీ బడ్డీ ఉంది,” అంది.

కిందటి ఏటికి ముందేడు దాకా తాళాలాయన బడ్డీ బస్టాండు కాలిబాట మీద, గొడుగులు బాగుచేసే ఆయన పక్కన ఉండేది. ఒకనాడు నోటీసు వచ్చి ఎత్తేయించారు. గొడుగులాయనకి నోటీసు రాలేదు. ఆయన గొడుగులు చాప మీద పరుచుకునే మనిషి, సాయంత్రం చుట్టేసుకుని పోతాడు. దాంతో అర్జీ పెట్టింది అతనేనని తాళాలాయన నిశ్చయించుకున్నాడు. పన్నెండేళ్లు పక్కపక్కన కూర్చుని ఒకే గ్లాసులో సగం సగం టీ తాగిన మనిషితో ఆ రోజునుంచీ మాట కట్టేశాడు. బ్యాంకు గోడ పక్కన చోటు మాత్రం తను ఆఫీసరుతో గట్టిగా మాట్లాడి సాధించానని ఇంట్లో పదిసార్లు చెప్పాడు. కొత్తచోట బేరాలు కాస్త పెరిగిన సంగతి ఒక్కసారీ చెప్పలేదు.

పెద్దాయన ఏమాత్రం తొణకలేదు. “ఆ బడ్డీ నీదేనా? రాశాను. మూడుసార్లు రాశాను. మొదటి రెండింటికీ జవాబే ఇవ్వలేదు వాళ్లు,” అన్నారు, ఆ బాధలో తాళాలాయన కూడా పాలు పంచుకుంటాడన్నట్టు. “నడవడానికి వేసిన దారి అది. అందులో అబద్ధముంటే చూపించు.”

కూతురు మూడో అర్జీ తెరిచి పైకి చదివింది. కాలిబాట వెడల్పు ఎన్ని అడుగులో, బడ్డీ అందులో ఎన్ని అడుగులు తినేసిందో కొలిచి మరీ రాసి ఉంది. చివర ఇలా ఉంది: ‘సదరు వ్యక్తి పనిమంతుడనియు, యజమాని సంతకము లేనిదే తాళము ముట్టడనియు పలువురి వలన వింటిని. కావున అతని పొట్ట కొట్టక, బ్యాంకు గోడ ప్రక్కన ఖాళీ స్థలము చూపవలసినదిగా ప్రార్థన.’

భార్య మెల్లగా తల తిప్పి భర్త వంక చూసింది. ఆఫీసరుతో గట్టిగా మాట్లాడిన మనిషి గోడగడియారం వంక చూస్తున్నాడు.

ఆ పోలీస్ స్టేషన్ రైటరు ఒకప్పుడు, దొంగకీ పనిమంతుడికీ మధ్య కాగితం మీద చూపించమన్న తేడా ఈ కాగితం మీద ఉంది. మరి ఇదే కాగితం ఆయన్ని బస్టాండునుంచి లేపేసింది. కోప్పడాలో దండం పెట్టాలో తేల్చుకోలేక తాళాలాయన సంచిలోంచి నోట్‌బుక్కు తీసి, అయ్యా, ఇక్కడ సంతకం పెట్టండి, అన్నాడు. పెద్దాయన పెన్ను తీసి, పెట్టేముందు మొదటినుంచీ తిరగేశారు. తేదీలున్నాయి కానీ ఏడాది రాయడం లేదనీ, ఇది చాలా పెద్ద లోపమనీ చెప్పి, తన సంతకం పక్కన ఏడాదితో సహా వేశారు.

ఆ మధ్యాహ్నమే కూతురు ప్రాజెక్టు మొదలుపెట్టి చీకటిపడేలోగా పూర్తిచేసింది. పట్టికలు గళ్లలోనే ఉన్నాయి. కథ అక్కడితో అయిపోవలసిందే కానీ, మరుసటి ఆదివారం పదింటికి పెద్దాయన మళ్లీ వచ్చారు. పెన్‌డ్రైవ్ ఉంది, పెట్టడానికి పెట్టె లేదు. ఒక్క ఉత్తరం కొట్టుకుంటానన్నారు. పొమ్మనడానికి తాళాలాయనకి మొహం చెల్లలేదు. తర్వాతి ఆదివారమూ వచ్చారు. చూపు ఆనడం లేదని, తాను చెబుతుంటే పిల్ల కొట్టడం ఏర్పాటైంది. బదులుగా ఆయన ఆ పిల్ల రిపోర్టుల్లో భాష దిద్దేవారు. దాని ఫలితం ఏమైందంటే, తనకిష్టమైన జంతువు గురించి రాయమన్న వ్యాసాన్ని ఆ పిల్ల ‘పై విషయమై తమరికి విన్నవించుకొనునది ఏమనగా’ అని మొదలుపెట్టింది. తెలుగు టీచరు తాళాలాయన్ని బడికి పిలిపించి మరీ చూపించింది. పెద్దాయన కోడలికి మాత్రం ఆదివారం పొద్దున్న ఇంట్లో రెండు గంటల విశ్రాంతి దొరికింది. మూడో వారంనుంచి మామగారి చేత బిస్కెట్ల పొట్లం పంపడం మొదలుపెట్టింది.

గొడుగులాయన దగ్గరికి వెళ్లడానికి తాళాలాయనకి పదిహేను రోజులు పట్టింది. ఒట్టి చేతులతో వెళ్లలేక, ఇంట్లోంచి ఒక గొడుగు పట్టుకెళ్లాడు. గొడుగులాయన దాన్ని విప్పి, మూసి, మళ్లీ విప్పి, ఊచలన్నీ లెక్కపెట్టి, దీనికేమీ కాలేదే అన్నాడు. తెలుసన్నాడు తాళాలాయన. చాప చివర కూర్చుని, అర్జీ సంగతీ, తను అతణ్ణి అనుమానించిన సంగతీ, మాట మానేసిన సంగతీ నేల చూపులు చూస్తూ మొత్తం చెప్పేశాడు.

గొడుగులాయన అంతా విని, నోటి దగ్గర చెయ్యి పెట్టుకుని ఆయన చెవి దగ్గరికి వంగాడు.

“అయితే నీకు చెవుడు రాలేదా?” అని గట్టిగా అడిగాడు.

తను పిలిచినా తాళాలాయన పలక్కపోయేసరికి, తాళంచెవులు కోసే మిషను రొదకి పాపం వినికిడి పోయిందనుకున్నాడట. జాలిపడి, బస్టాండులో తాళాలాయన ఎక్కడని అడిగిన ప్రతివాడికీ, బ్యాంకు గోడ పక్కనున్నాడు, కాస్త గట్టిగా మాట్లాడండని చెప్పి పంపేవాడట. బేరానికొచ్చినవాళ్లంతా ఇన్నాళ్లూ తన మొహం మీదికి వంగి ఎందుకు అరుస్తున్నారో తాళాలాయనకి అప్పుడు తెలిసింది. టీ తేవడానికి ఆయనే లేచాడు.